సీసపుకొండల ఊరు

స్కాట్లండు దేశపు దక్షిణ భాగాన, ఇంగ్లండు సరిహద్దుకు కొంత ఎగువగా, పడమటి తీరం నుంచి తూర్పు తీరం వరకు ఒక కొండలపట్టు అడ్డంగా సాగి ఉన్నది. ఉత్తరాన ఉన్న హైలాండ్స్ పర్వతాలకు గల ప్రఖ్యాతి దీనికి లేదు. గ్లాస్గోకు పోయే ప్రయాణికులు దీని నడుమనుంచే పోతారు గాని, ఆగి చూచేవారు తక్కువ. నిటారు శిఖరాలు గాని కారడవులు గాని ఇక్కడ కనబడవు. పడుకొన్న పశువుల మంద వలె గుండ్రని వీపులతో ఒకదాని వెనుక ఒకటిగా కొండలు. వాటిమీద ఎండుగడ్డి, వేసవి చివర ఊదారంగు పూలు పూచే హెదర్ పొదలు, గొర్రెలు. ఈ కొండలలో లోథర్ కొండలనే గుంపు ఒకటి. దాని మడతలో, సముద్రమట్టానికి సుమారు 1,300 అడుగుల ఎత్తున, లెడ్‌హిల్స్ అనే చిన్న గ్రామం ఉన్నది. ఆ పేరుకు అర్థం సీసపుకొండలు అని. అక్కడికి మైలున్నర దూరాన, ఇంకా ఎత్తున, 1,531 అడుగుల మీద వాన్‌లాక్‌హెడ్ అనే మరొక ఊరు. స్కాట్లండు మొత్తంమీద అంత ఎత్తున వెలసిన గ్రామం ఇంకొకటి లేదు.

రెండు ఊళ్ల నడుమ ఉన్న మిట్ట నీటిని పంచే మిట్ట. దానికి ఇవతల కురిసిన చినుకు గ్లెంగానర్ అనే వాగులో చేరి, క్లైడు నదిలో కలసి, గ్లాస్గో రేవులను చూచుకొని పడమటి సముద్రానికి పోతుంది. అవతల కురిసినది వాన్‌లాక్ వాగుగా దిగి, నిత్ నదిని చేరి, దక్షిణాన సాల్వే అఖాతంలో కలుస్తుంది. ఊళ్లు కూడ ఈ నీటితీరుననే విడిపోయినవి. లెడ్‌హిల్స్ లానార్క్ సీమలోనిది, వాన్‌లాక్‌హెడ్ డంఫ్రీస్ సీమలోనిది. ఒకదాని భూమి ఒక ప్రభువుది, రెండవదాని భూమి మరొక ప్రభువుది. పిల్లలు ఒక పూటలో పోయి రాగలిగిన దూరమే అయినా, తరతరాలుగా రెండింటికీ నడుమ ఇరుగుపొరుగు పోటీ ఒకటి ఉండనే ఉన్నది.

ఈ ఎత్తున పంట పండడం కష్టం. ఓట్లనే ధాన్యం కొన్ని ఏళ్లు గింజ పట్టకముందే చలికి చిక్కుకుంటుంది. చెట్టు అరుదు. చలికాలంలో మంచు దారులను మూసివేస్తుంది. ఇటువంటి చోట మనుష్యులు ఊరు కట్టుకొన్నారంటే దానికి కారణం నేలమీద వెదికితే దొరకదు. అది నేలకింద ఉన్నది.

కొండలలోని ప్రాచీనమైన శిలల మధ్య నెర్రెల వెంబడి గాలీనా అనే సీసపు ముడిఖనిజం నరాలు నరాలుగా వ్యాపించి ఉన్నది. కొత్తగా పగిలినప్పుడు అది వెండివలె మెరుస్తుంది. చేతిలోకి తీసుకొంటే రాతికన్న ఎంతో బరువు. దానితోపాటు మరెక్కడా ముందుగా ఎరుగని స్ఫటికాలు అనేకం ఇక్కడ దొరికినవి. ఖనిజశాస్త్రంలో లెడ్‌హిల్లైట్, లానార్కైట్, కాలెడోనైట్, సుసన్నైట్ అనే పేర్లు ఈ చిన్న చోటినుంచి వెళ్లినవే. చివరిది సుసన్నా అనే ఒక సీసపు నరం పేరు. ఆ సుసన్నా ఎవరో గాని, ఆమె పేరు నేడు ప్రపంచంలోని ఖనిజ ప్రదర్శనశాలలన్నిటిలోను గాజుపెట్టెలలో ఉన్నది.

సీసానికంటె ముందు ఈ ఊరికి పేరు తెచ్చినది బంగారం. వాగుల ఇసుకలో బంగారు రేణువులు దొరికేవి. 16వ శతాబ్దంలో స్కాట్లండు రాజులు ఇక్కడ బంగారం కడిగించారు. 1540లో అయిదవ జేమ్స్ రాజు తన కిరీటాన్ని కొత్తగా చేయించినప్పుడు ఈ ప్రాంతపు బంగారాన్ని అందులో కలిపించాడు. ఆ కిరీటం నేటికీ ఎడింబరో కోటలో చూడవచ్చు. రాజులకు గొప్పగా ఉండవచ్చును గాని, బంగారం ఊరిని పోషించలేదు. కడిగేవారు వేసవిలో గుడారాలు వేసుకొని వచ్చి, చలి మొదలు కాగానే వెళ్లిపోయేవారు. ఇల్లు కట్టుకొని నిలిచేటట్లు చేసినది సీసమే.

1638లో జేమ్స్ హోప్ అనే న్యాయవాది ఈ గనులకు వారసురాలైన ఆనా ఫౌలిస్ అనే కన్యను పెండ్లాడాడు. ఆ వివాహంతో సీసపుకొండలు హోప్ వంశానికి సంక్రమించినవి. ముడిఖనిజాన్ని గుర్రాల మీద, బండ్లమీద ఎడింబరో దగ్గరి లీత్ రేవుకు చేర్చి, అక్కడినుంచి హాలెండుకు ఓడలలో పంపేవారు. కప్పులకు, గొట్టాలకు, తుపాకి గుండ్లకు, రంగులకు అన్నిటికీ సీసం కావలసిన కాలమది. వంశం వృద్ధి పొందింది. జేమ్స్ హోప్ మనుమడు 1703లో హోప్‌టన్ ప్రభువయ్యాడు. ఎడింబరోకు పడమట సముద్రపు ఒడ్డున ఆ కుటుంబం కట్టించిన భవనం స్కాట్లండులోని గొప్ప సౌధాలలో ఒకటి. ఆ వంశీకుడే ఒకడు 1901లో ఆస్ట్రేలియాకు మొదటి గవర్నర్ జనరలు. అతని కుమారుడు 1936 నుంచి 1943 దాకా భారతదేశానికి వైస్రాయి. లిన్‌లిత్‌గో ప్రభువు అంటే మన దేశంలో తెలియనివారు లేరు. 1939లో భారతీయ నాయకులలో ఎవరినీ సంప్రతించకుండా ఈ దేశాన్ని యుద్ధంలోకి దింపినవాడు, 1942లో కాంగ్రెసు నాయకులను చెరసాలలలో పెట్టించినవాడు, 1943లో వంగదేశం ఆకలితో మలమల మాడిపోతుండగా పదవీకాలం ముగించుకొని వెళ్లినవాడు ఆయనే. ఆయన వంశపు ఐశ్వర్యానికి పునాది లెడ్‌హిల్స్ గ్రామంలో చీకటిలో సుత్తి పట్టిన మనుష్యులు వేసినది.

ఆ మనుష్యులకు కూలి ఎట్లా ముట్టేదో తెలుసుకొంటే తప్ప తక్కిన కథ అర్థం కాదు. రోజుకూలీ లేదు. నలుగురైదుగురు, ఒక్కొక్కప్పుడు అంతకు ఎక్కువ మంది, ఒక ముఠాగా చేరి కంపెనీతో గుత్త కుదుర్చుకొనేవారు. ఫలానా చోట ఇన్ని బారల సొరంగం తవ్వితే ఇంత, లేదా ఇంత ఖనిజం తీస్తే ఇంత అని మాట. నెలలు గడచి గుత్త ముగిసిన తరువాత లెక్క చూచేవారు. ఈలోగా తిండిగింజలు కంపెనీయే అప్పుగా ఇచ్చేది. కొవ్వొత్తులు, తుపాకిమందు, పనిముట్ల మరమ్మతు, ఇవన్నీ ముఠా ఖాతాలో ఖర్చు. నరం బలంగా ఉంటే నాలుగు డబ్బులు మిగిలేవి. రాయి గట్టిదై ఖనిజం సన్నగిల్లితే ఏడాది కష్టపడిన తరువాత కూడ బాకీయే మిగిలేది. బాకీ పడినవాడు ఊరు విడిచి ఎక్కడికి పోగలడు? స్కాట్లండులో బొగ్గుగనుల కూలీలు 1799 వరకు చట్టరీత్యా గనికి కట్టుబడిన బానిసలు. గని చేతులు మారితే వారూ చేతులు మారేవారు. సీసపు గనివారు ఆచరణలో అట్టి చట్టానికి లోబడినవారు కారు. వారిని కట్టిపడేసినది పద్దుల పుస్తకం.

ఇక ఖనిజాన్ని కరిగించే కొలిముల సంగతి. అక్కడి పొగ పీల్చినవారికి వచ్చే జబ్బును ఆ ఊరివారు మిల్ రీక్ అనేవారు. కొలిమిపొగ అని దాని అర్థం. మొదట నోరు తియ్యగా ఉండి ఆకలి చచ్చిపోవడం, పిమ్మట కడుపులో మెలిపెట్టే నొప్పి, మలబద్ధం, చేతులకు కాళ్లకు పట్టు తప్పడం, ముదిరితే మతి చలించడం. దగ్గరలోని డ్యూరిస్‌డీర్ అనే ఊరి వైద్యుడు జేమ్స్ విల్సన్ ఈ జబ్బును గురించి వ్రాసిన వ్యాసం 1754లో ఎడింబరో పండితుల సంపుటంలో అచ్చయింది. వృత్తివల్ల కలిగే రోగాలను గురించి స్కాట్లండులో వెలువడిన తొలినాటి రచనలలో అది ఒకటి. దానిని చదివినవారికి ఒక విషయం స్ఫురించక మానదు. జబ్బుకు పేరు పెట్టినది వైద్యుడు కాదు, పడినవారు. కారణం కూడ ఆ పేరులోనే ఉన్నది.

ఇదే ఊరి శ్మశానంలో జాన్ టేలర్ అనే గనిపనివాని సమాధి ఉన్నది. 1770లో చనిపోయినప్పుడు అతని వయస్సు 137 ఏళ్లని దానిమీద చెక్కారు. 1652లో పట్టపగలు చీకటి కమ్మిన సూర్యగ్రహణంనాటికే తాను గనిలో పనిచేస్తున్నానని అతడు చెప్పుకొనేవాడట. పుట్టిన తేదీకి కాగితం ఏదీ లేదు గనుక, నమ్మేవారు నమ్మవచ్చు. ముప్పయి నలభై ఏళ్లు తగ్గించినా సీసపు గనిలో బ్రతికినవానికి అది కొద్ది ఆయుర్దాయం కాదు. ఊరికి వచ్చే బాటసారులందరికీ ఆ రాయినే ముందుగా చూపడంలో గ్రామస్థులకు కొంత పంతం ఉండి ఉండాలి.

1735లో ఈ ఊరికి ఒక కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన పేరు జేమ్స్ స్టిర్లింగ్. భారతదేశంలో గణితమో, సంఖ్యాశాస్త్రమో చదివిన ప్రతి విద్యార్థికీ ఈ పేరు తెలుసు. పెద్ద సంఖ్యల క్రమగుణితాన్ని ఉజ్జాయింపుగా లెక్కగట్టే సూత్రం స్టిర్లింగ్ పేరుమీదనే చెల్లుతున్నది. న్యూటన్ అభిమానం పొందినవాడు, వెనిస్ నగరంలో కొన్నాళ్లు గడిపినవాడు, 1730లో లాటినులో గొప్ప గ్రంథం ప్రకటించినవాడు. పదవిలోనుంచి తొలగింపబడిన స్టువర్టు రాజవంశం పక్షాన ఉన్న కుటుంబం వానిది. ఆ కారణాన విశ్వవిద్యాలయాల ద్వారాలు ఆయనకు మూసుకొనిపోయినవి. 1746లో ఎడింబరో గణితాచార్య పదవి ఖాళీ అయినప్పుడు ఆయన పేరు వినవచ్చినా ఈ రాజకీయమే అడ్డు వచ్చింది. అట్టివాడు స్కాట్స్ మైనింగ్ కంపెనీ కొలువులో చేరి లెడ్‌హిల్స్‌లో ముప్పయి అయిదేళ్లు ఉన్నాడు. ఆయిలర్ వంటి మహాగణితజ్ఞుడు ఆయనకు ఉత్తరం వ్రాస్తే రెండేళ్లకు గాని జవాబు పోలేదు. గనుల పని అంత ఒత్తిడిగా ఉండేది. ఈ కొండలలోనుంచి ఆయన ప్రకటించిన రచన ఒక్కటే: నీటి ధారతో గాలిని తోసి కొలిమి ఊదే యంత్రాన్ని గురించిన చిన్న వ్యాసం. 1752లో గ్లాస్గో నగరం వారికి క్లైడు నదిని ఓడలు నడిచేటట్లు సరిచేయడానికి కొలతలు తీసి ఇచ్చాడు. వారు కృతజ్ఞతగా ఒక వెండి తేనీటి పాత్ర బహూకరించారు. గణితలోకం పొగొట్టుకొన్నదానిని తలచుకొని కొందరు చరిత్రకారులు ఇప్పటికీ నిట్టూర్చుతారు. గనివారికి మాత్రం ఆ నిట్టూర్పుతో పనిలేదు. ఆయన హయాంలో గనిలోపలి పనివేళ ఆరు గంటలయింది. ఎవరి ఓపిక కొలది వారు బీడు కొట్టి కూరపాదులు, గడ్డి, ఓట్లు పెంచుకోవచ్చుననీ, తమ చేతులతో ఇల్లు కట్టుకోవచ్చుననీ సెలవు దొరికింది. వ్రాతపూర్వకమైన హక్కు లేదు, అనుభవమే హక్కు. భూమి ప్రభువుది, ఖనిజం కంపెనీది. తెల్లవారి ఆరు గంటలు గనిలో గడచిన తరువాత మిగిలిన పొద్దు మాత్రం గనివానిది అయింది.

ఆ పొద్దును వారు ఏమి చేసుకొన్నారన్నదే ఈ గ్రామానికి చరిత్రలో చోటు కల్పించిన సంగతి. 1741 నవంబరు 23వ తేదీన 23 మంది చేరి లెడ్‌హిల్స్ రీడింగ్ సొసైటీ అనే పేరుతో ఒక పఠన సంఘం పెట్టుకొన్నారు. వారిలో ఒకడు చర్చి మతగురువు, ఒకడు బడిపంతులు. తక్కిన 21 మందీ గనిపనివారు. అందరూ చందా వేసుకొని పుస్తకాలు కొనడం, వాటిని వంతులవారీగా ఇండ్లకు తీసుకొనిపోయి చదువుకోవడం, ఇంతే దాని సంకల్పం. బ్రిటిష్ దీవులలో చందాదారులు నడుపుకొన్న గ్రంథాలయాలలో అన్నిటికన్న పాతది ఇదేనని చెప్పుతారు. అమెరికాలో ఫ్రాంక్లిన్ తన మిత్రులతో ఫిలడెల్ఫియాలో ఇటువంటిదే పెట్టి అప్పటికి పదేళ్లయింది. కాని ఫ్రాంక్లిన్ సంగతి లెడ్‌హిల్స్‌లో ఎవరికైనా తెలుసునని అనుకోవడానికి ఆధారం లేదు.

నియమాలు కఠినమైనవి. కొత్తగా చేరదలచినవానిని సభ్యులు వోటు వేసి ఒప్పుకోవాలి. అధ్యక్షుడు, లేఖరి, కోశాధికారి ఎన్నికలలో రావాలి. వీరు గాక పరీక్షకులని కొందరుండేవారు. సభ్యులు పుస్తకాలను ఎట్లా చూచుకొంటున్నదీ తనిఖీ చేయడం వారి పని. కాగితం చినిగినా, కొవ్వొత్తి మైనం పడినా జరిమానా. నేలకింద సీసపు మడ్డి అంటిన చేతులు అవి. ఇంట్లో ఒకే గది, ఒకే పొయ్యి, పొగచూరిన గోడలు. అటువంటి ఇంటిలో ఒక పుస్తకాన్ని నెలనాళ్లు మాయకుండా కాపాడడం ఎంత శ్రద్ధతో కూడిన పనో ఊహించవచ్చు. మొదట కొన్నవాటిలో ఎక్కువ భాగం మతగ్రంథాలు, ఉపన్యాసాలు. తరువాత చరిత్ర, యాత్రాకథనాలు, ప్రకృతిశాస్త్రం వచ్చినవి. నవలలకు చోటు చాలా కాలానికి గాని దొరకలేదు. వాన్‌లాక్‌హెడ్‌వారు పొరుగూరివారికి తీసిపోదలచలేదు. 1756లో 32 మంది చేరి తమ గ్రంథాలయం తాము పెట్టుకొన్నారు. 1793లో మరి కొంత దూరాన ఎస్క్ లోయలో, వెస్టర్‌కర్క్ అనే చోట, ఆంటిమొనీ గనివారు మూడవదాన్ని పెట్టారు. వంతెనల నిర్మాత థామస్ టెల్‌ఫర్డు పుట్టిన సీమ అది. చనిపోతూ ఆయన ఆ గ్రంథాలయానికి కొంత సొమ్ము వ్రాసి ఇచ్చాడు.

లెడ్‌హిల్స్ తొలి పట్టీలో స్త్రీ పేరు ఒక్కటి కూడ లేదు. గనిలో దిగకపోయినా ఈ ఊరి స్త్రీలు ఊరకే కూర్చున్నవారు కారు. పీటు మట్టిని గడ్డలుగా కోసి ఎండబెట్టి ఇంటికి మోయడం, గొడ్డును చూచుకోవడం, కూలికి తెల్లని మస్లిన్ బట్టమీద కుట్టుపని, ఇవన్నీ వారివే. పదేళ్లు నిండిన మగపిల్లలు గనిబయట చల్లని నీటిలో నిలబడి ఖనిజం కడిగేవారు. వెలుతురు ఉన్నంతసేపు కన్నార్పకుండా సూది కుట్టిన స్త్రీ, చీకటి పడిన తరువాత భర్త తెచ్చిన పుస్తకాన్ని ఎంతమాత్రం చదవగలిగిందో సంఘం కాగితాలు చెప్పవు. ఒకడు బిగ్గరగా చదువుతుంటే తక్కినవారు వినే ఆచారం స్కాట్లండు ఇండ్లలో ఉండేది గనుక, ఆ ఒక్క పుస్తకం ఇంటిల్లిపాదిదీ అయి ఉంటుందని ఊహించడం తప్పు కాదు.

ఇంతటి పని గనికూలీలు తమంతట తాము చేశారంటే ముందుతరాలవారు నమ్మలేకపోయారు. ఎవరో పెద్దవాడు వెనుక ఉండి చేయించి ఉండాలని వారి తలంపు. పెద్దవారికి కొదువ లేదు. 18వ శతాబ్దపు స్కాట్ భాషాకవి అలన్ రామ్‌సే ఈ ఊరివాడే. తండ్రి ఇక్కడి గనులలో అధికారి. తల్లి ఇంగ్లండులోని గనిప్రాంతం నుంచి వచ్చిన కుటుంబంలోనిది. చిన్నతనంలోనే ఎడింబరో చేరి, విగ్గులు చేసేవాని దగ్గర పని నేర్చి, కవియై, పుస్తకాల దుకాణం పెట్టి, 1725 ప్రాంతాన పుస్తకాలను అద్దెకిచ్చే పద్ధతిని బ్రిటనులో మొదటిసారిగా ప్రవేశపెట్టాడని ప్రసిద్ధి. అందుచేత లెడ్‌హిల్స్ గ్రంథాలయం కూడ ఆయనే పెట్టాడని ఒక కథ పుట్టి, భవనానికి అలన్ రామ్‌సే పేరే స్థిరపడింది. కాని 1741 నాటికి ఆయన ఊరు విడిచి నలభై ఏళ్లయింది. ఆయన అద్దె దుకాణానికీ, ఈ పఠన సంఘానికీ పద్ధతిలోనే తేడా ఉన్నది. అక్కడ పుస్తకం దుకాణదారుది, ఇక్కడ చదివేవారిది. స్టిర్లింగ్ చేయూత ఉన్నదనడం ఇంతకన్న నమ్మదగినది. సంఘం పుట్టిననాడు మేనేజరు ఆయనే. ఆరు గంటల పనివేళ ఆయన చలవే. చదువుకొన్న కూలీ తాగని కూలీ అవుతాడన్న లెక్క కంపెనీకి ఉండి ఉండవచ్చు. హోప్‌టన్ ప్రభువులు కూడ తరువాతి కాలంలో పుస్తకాలు బహూకరించారు. ఇవన్నీ ఒప్పుకొన్న తరువాత కూడ పట్టీలోని 21 పేర్లు అట్లాగే ఉంటవి. చందా వారు ఇచ్చినది. ఏ పుస్తకం కొనాలో ఓటు వారు వేసినది.

1803 ఆగస్టులో వర్డ్స్‌వర్తు కవి, ఆయన చెల్లెలు డొరొతి, వారి మిత్రుడు కోల్‌రిడ్జి, ముగ్గురూ ఒక గుర్రపుబండిలో ఈ దారిన వచ్చారు. డొరొతి వ్రాసుకొన్న యాత్రాకథనం 1874లో గాని అచ్చుకాలేదు. ఈ కొండలను గురించి అంతకన్న కన్నులు తెరచి వ్రాసినవారు లేరు. నిత్ నది లోయ విడిచి మెన్నాక్ కనుమ ఎక్కుతుండగా చెప్పులు లేని ముగ్గురు పిల్లవాళ్లు కనిపించారు. టోపీల చుట్టు అడవిపూల తీగలు చుట్టుకొన్నారు. ఒకని చేతిలో గాలం కర్ర. ఏ ఊరని అడిగితే వాన్‌లాక్‌హెడ్ అన్నారు. బడికి పోతారా అంటే పోతామన్నారు. ఏమి చదువుతారంటే లాటిను, వర్జిలు అన్నారు. కొందరు గ్రీకు, హోమరు కూడ చదువుతారట. ఆశ్చర్యపోయిన కోల్‌రిడ్జి ఇంకా ఏదో అడగబోయేసరికి ముగ్గురూ పరుగో పరుగు. పరీక్ష చేస్తారని జడిసినారు కాబోలునని డొరొతి అనుకొన్నది. నవ్వు వచ్చే ఘట్టమే గాని, పిల్లలు చెప్పినది నిజమో గొప్పయో అని ఆమె ఎక్కడా అనుమానించలేదు.

ఊరి దాపునకు వచ్చిన తరువాత వారికి ఒక వింత కనబడింది. రాతి కట్టడం ఒకదాని పక్కనుంచి పెద్ద దూలం వంటి చేయి బయటికి చాచుకొని, అరనిమిషానికి ఒకసారి మెల్లగా పైకి లేచి దిగుతున్నది. గనిలోని నీటిని తోడే యంత్రమది. దానంతట అది ఊపిరి తీస్తున్నట్లు కదలడం చూచి కవులకు అది ప్రాణమున్న జంతువువలె తోచింది. ఆ రాత్రి లెడ్‌హిల్స్‌లో సత్రంలో దిగారు. గ్రామస్థుడు ఒకడు గ్రంథాలయాన్ని గురించి చెప్పుతూ, తమ దగ్గర అన్ని రకాల పుస్తకాలూ ఉన్నవనగా, షేక్‌స్పియరు కూడనా అని అడిగారు. ఉన్నదన్నాడు. ఇంగ్లండులో ఆనాడు పొలం కూలీ ఇంట బైబిలు ఉండడమే విశేషం. అడిగినవారి గొంతులోని విస్మయం, చెప్పినవాని గొంతులోని మామూలుతనం రెండూ ఆ పుటలలో వినబడతవి.

ఇటువంటి చదువులలోనుంచి ఒక యంత్రకారుడు కూడ వచ్చాడు. విలియం సిమింగ్టన్ 1764లో లెడ్‌హిల్స్‌లో పుట్టాడు. మతగురువు కావలసినవాడు ఆవిరియంత్రాల వెంటపడి, 1788లో డాల్‌స్వింటన్ అనే చోట చెరువులో చిన్న పడవను ఆవిరితో నడిపాడు. 1803లో ఆయన నిర్మించిన షార్లెట్ డండాస్ అనే ఆవిరిపడవ రెండు బరువుపడవలను వెంట లాగుకొంటూ కాలువలో గ్లాస్గో దాకా పోయింది. అలలవల్ల గట్లు కోసుకొనిపోతవని కాలువ యజమానులు దానిని మూలబెట్టారు. సిమింగ్టన్ 1831లో లండనులో దరిద్రంలో చనిపోయాడు. ఊరివారు ఆయనకు రాతిస్తంభం నిలిపారు.

19వ శతాబ్దంలో పొరుగు దేశాలనుంచి చౌక సీసం రావడంతో గనులు ఒకసారి లేచి ఒకసారి పడుతూ వచ్చినవి. 1901లో ఎల్వన్‌ఫుట్ నుంచి లెడ్‌హిల్స్‌కు, మరుసటి ఏడు వాన్‌లాక్‌హెడ్‌కు రైలు వచ్చింది. అంత ఎత్తు ఎక్కిన మామూలు రైలుదారి బ్రిటనులో అరుదు. వచ్చిన ముప్పయ్యేళ్లలోనే దానికి మోయవలసిన బరువు లేకపోయింది. 1920ల చివర లెడ్‌హిల్స్ గనులు, 1934లో వాన్‌లాక్‌హెడ్ గనులు మూతపడినవి. ఆ దశాబ్దం చివర రైలు కూడ ఆగిపోయింది. వాన్‌లాక్‌హెడ్‌లో 1950లలో మళ్లీ తవ్వి చూచారు, సాగలేదు. ఇళ్లు ఖాళీ అయినవి. పడుచువాళ్లు గ్లాస్గోకు, సముద్రాల అవతలికి పోయారు. నేడు లెడ్‌హిల్స్ జనసంఖ్య మూడువందలకు అటూ ఇటూ. ఊరి పైన లోథర్ కొండమీద విమానాల రాకపోకలను కనిపెట్టే రాడారు గోళం తెల్లగా కనిపిస్తుంది. పాత రైలుబాటలో కొంతదూరం వేసవి వారాంతాలలో ఔత్సాహికులు చిన్న బండి నడుపుతారు. వాన్‌లాక్‌హెడ్‌లో సీసపు గనుల ప్రదర్శనశాల ఉన్నది. వాగు నీటితో నడిచిన తోడుయంత్రం ఒకటి ఇంకా నిలిచి ఉన్నది. దాని చేయి ఇప్పుడు కదలదు.

లెడ్‌హిల్స్ నడుమ 1770 నాటి గంట ఒకటి ఉన్నది. గనిలో వంతు మారే వేళకు దానిని మోగించేవారు. ఎవరైనా చనిపోయినా, మంచులో దారి తప్పినవానికి ఊరు ఏ దిక్కున ఉన్నదో తెలియజేయడానికీ అదే గంట. దానికి కొద్ది దూరాననే గ్రంథాలయం, బయటికి మామూలు ఇల్లు వలె కనిపించే చిన్న కట్టడం. గనులు పోయిన తరువాత అదీ కొంతకాలం తలుపు మూసుకొని, 1970లలో మరమ్మతు పొంది తిరిగి తెరుచుకొన్నది. లోపల సుమారు రెండున్నర వేల సంపుటాలు. తోలు అట్టలమీద అంచులు నల్లబడినవి అనేకం.

ఆ అరలలో సంఘం కొనని పుస్తకాలు కొన్ని ఉన్నవి. అవి అచ్చుపుస్తకాలు కావు. 1737 నుంచి 1854 దాకా కంపెనీ గుమాస్తాలు చేతితో వ్రాసిన గుత్త పుస్తకాలు. ఏ ముఠాకు ఏ చోటు ఇచ్చినది, బారకు ఎంత ఒప్పుకొన్నది, ఖనిజానికి ఎంత, ఎవరెవరు జతగా దిగినది, అంతా అక్కడ ఉన్నది. మొదటి ఏళ్ల పద్దులు 1741కి ముందటివే. కంపెనీ లేకుండాపోయింది; దాని లెక్కలు కూలీల పుస్తకాల ఇంటికి చేరినవి. ఇప్పుడు వాటిని చూడగోరినవారు గ్రంథాలయం తాళం తీయించుకొని, ఉపన్యాస సంపుటాల పక్కనుంచి దించుకొని, కిటికీ దగ్గర బల్లమీద పెట్టుకొని చదువుతారు. దూరదేశాలనుంచి తమ తాతముత్తాతల పేర్లు వెదుక్కొంటూ వచ్చేవారు అప్పుడప్పుడు ఉంటారు. వారు కోరేది తరచుగా ఒకే పేరును రెండుచోట్ల చూడాలని: ముఠా లెక్కలో ఒకసారి, సభ్యుల పట్టీలో ఒకసారి.